ఊపిరి పీలిస్తే పొంగే నరం

"మధ్యాహ్నం రెండున్నరకు మొదటి ముంత, మూడింటికి రెండో ముంత. రెండో ముంతకు మందు బయటపడుతుందట. నాలుగింటికల్లా ఆ అమ్మాయిని అరెస్టు చేస్తాను. మీరింక ఎండన పడి తిరగడం దేనికండీ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ త్రివిక్రమరావు.

స్టేషను గోడ గడియారం తొమ్మిదీ అయిదు చూపిస్తోంది. 1957 ఆషాఢం, శుక్రవారం. రామాంజులు బల్లకు ఇవతల నిలబడి ఉన్నాడు. కుర్చీ ఉంది గాని కూర్చోమని ఎవరూ అనలేదు. పదిహేనేళ్లు హెడ్ కానిస్టేబులుగా చేసి, పైవాడితో మాట పడక చొక్కా విప్పి ఇచ్చేసిన మనిషికి స్టేషన్లో కుర్చీ వేయరు. ఇప్పుడతను వకీళ్లకూ, దిక్కులేని తండ్రులకూ కూపీలు లాగి పెడుతుంటాడు.

"ఏ మందు సార్?"

"మీ ఊళ్ల మందేనండీ. మొగుడు చెప్పినట్టు వినాలని ఆడవాళ్లు అన్నంలో కలిపి పెడతారట కదా. అది కడుపులో పట్టుకుని మనిషి ఉబ్బిపోతాడట. పులివెందులలో తిరుపాలమ్మ అని ఒకావిడ ముంతతో పసరు తాగించి కక్కిస్తుందట. గురునాథాన్ని వాళ్ల అక్క ప్రొద్దున ఏడింటి బస్సుకే తీసుకెళ్లింది. నేను ఇద్దరు పెద్దమనుషుల ఎదుట దాన్ని సీసాలో పెట్టి సీలు వేస్తాను."

"మీరు నమ్ముతాండారా?"

"నేను నమ్మక్కర్లేదు. వస్తువు దొరికితే చాలు. మిగతాది లాబొరేటరీ చూసుకుంటుంది."

ఎదుటివాడు ఎక్కువ మాట్లాడేటప్పుడు తను తక్కువ మాట్లాడటం రామాంజులుకు అలవాటు. మెట్లు దిగుతూ లెక్క వేసుకున్నాడు. అయిదు గంటల ఇరవై అయిదు నిమిషాలు ఉన్నాయి.

సంగతి చిన్నదే. గురునాథం ప్రొద్దుటూరులో జవుళి వ్యాపారి, ముప్పై నాలుగేళ్లవాడు. రెండేళ్ల కింద కొండాపురం నుంచి గౌరిని పెళ్లి చేసుకున్నాడు. ఈ రెండేళ్లలో అతని పొట్ట కుండలా పెరిగింది, చేతులు పుల్లలయినాయి. మూడుసార్లు పొట్టలోంచి నీళ్లు తీశారు, మూడుసార్లూ మళ్లీ పట్టాయి. చూసిన డాక్టరు కాలేయం చెడిందన్నాడు, తాగుడు మానమన్నాడు. గురునాథం పుట్టి బుద్ధెరిగి కల్లు కూడా ముట్టలేదు. ఆ మాట ఎవరూ నమ్మలేదు. విధవరాలై పుట్టింటనే ఉన్న అతని అక్క రుక్మిణమ్మ ఒక్కతే నమ్మింది. నమ్మి, మరదలు మందు పెట్టిందని స్టేషన్లో కాగితం ఇచ్చింది. ఎనిమిది రోజుల కింద గౌరిని ఇంట్లోంచి వెళ్లగొట్టింది. గౌరి తండ్రి బాలకృష్ణయ్య వచ్చి రామాంజులు చేతులు పట్టుకున్నాడు.

రామాంజులు మనిషిని కాళ్ల నుంచి పైకి చూస్తాడు. పశువుల దొంగల అడుగులు పట్టిన రోజుల నాటి అలవాటు అది. మూడు రోజుల కింద గురునాథాన్ని అలాగే చూశాడు. చెప్పుల్లో పాదాలు సన్నగా, ఎముకలు తేలి ఉన్నాయి. ఆ పాదాల మీద అంత పొట్ట. ఒళ్లంతా ఉబ్బే మనిషికి పాదాలెందుకు ఉబ్బలేదు? ఆ ఒక్క ప్రశ్న పట్టుకునే అతన్ని బతిమాలి జమ్మలమడుగు మిషను ఆస్పత్రికి తీసుకుపోయి ఎక్స్‌రే తీయించాడు. ఫిలిం ఈ రోజు చూపిస్తామన్నారు.

దానికన్నా ముందు ఒకచోట ఆగాల్సి ఉంది.

తొమ్మిదిన్నరకు ఒక జవుళి అంగడి పంచలో కుట్టు మిషను ముందు కూర్చున్న దర్జీ కమాల్ బాషా తల ఎత్తాడు.

"రా మామా. చొక్కానా, కూపీనా?"

"గురునాథానికి ఎన్నేండ్ల నుంచి కుడతాండావు?"

"మా అబ్బ కాలం నుంచి. ఆయప్ప లాగులు కూడా మేమే కుట్టినాం."

"కొలతల పుస్తకాలు ఉండాయా?"

"దర్జీ గుడ్డ చించుతాడు గాని కాగితం చించడు మామా," అని కమాల్ బాషా మిషను కింద పెట్టెలోంచి నూనె మరకల పుస్తకాలు తీశాడు.

రామాంజులు వేలితో గీటు కింద గీటు చదువుకుంటూ పోయాడు. ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివిన చదువు అంకెలకు చాలు. 1955 శివరాత్రి ముందు: రొమ్ము ముప్పై నాలుగు, పొట్ట ముప్పై ఒకటి, కాలరు పద్నాలుగు. అదే ఏడు మే పదహారు, పెళ్లి చొక్కా: రొమ్ము అంతే, పొట్ట ముప్పై మూడున్నర, కాలరు పద్నాలుగున్నర. చేతి చుట్టుకొలత మాత్రం అరంగుళం తగ్గింది.

"పెండ్లి ఎప్పుడు?"

"మే పంతొమ్మిది. మూడు రోజుల ముందర తెమ్మంటే కుట్టేదెట్లని తిట్టుకుంటా కుట్టినా. అందుకే గుర్తు."

"పొట్ట పెరిగి చెయ్యి తగ్గిందే. అడగలేదా?"

"అడిగినా. పెండ్లికొడుకువి, ఇప్పుడే బొజ్జ ఏందప్పా అని నవ్వినా. ఆయప్ప నవ్వలేదు. అక్కకు చెప్పొద్దు అన్యాడు." కమాల్ బాషా సూది నోట్లోంచి తీశాడు. "ఇంకోటి ఉండాది మామా. చెప్తే నవ్వుతావు."

"నేను నవ్వి శానా రోజులయింది. చెప్పు."

"రొమ్ము కొలత తీసేటప్పుడు ఊపిరి నిండా పీల్చమంటాం గదా. నరాలు తేలే మనిషైనా సరే, పీలిస్తే మెడ మీది నరం లోపలికి పోతుంది. వేల మెడలు చూసినా, అంతే. ఈయప్పకు ఎదురు. పీలిస్తే నరం పొంగుతుంది, నా చిటికెన వేలంత. టేపు కిందనే లేస్తుంది. పెండ్లి చొక్కాకు మొదటిసారి చూసినా. అప్పటి నుంచి ఎప్పుడు కొలిచినా అంతే. కాలరు గుండీ పెట్టుకోలేడు ఆయప్ప, ఉక్క అని సాకు చెప్తాడు."

రామాంజులు వేలు మళ్లీ ఆ తేదీ మీద పెట్టాడు. పెళ్లికి మూడు రోజుల ముందు. అప్పటికి గౌరి ఈ ఊరి పొలిమేర కూడా చూడలేదు.

"పోలీసాయన అడిగినాడా నిన్ను?"

"అడిగినాడు. ఆ పాప నీతో ఏమన్నా పొట్లం తెప్పించుకున్యాదా అని. తెప్పించలేదన్యా. కాలరు సంగతి ఆయన అడగలేదు. అడగనిది చెప్పడానికి నాకేం పని లేదా?"

రామాంజులు పేజీలు వెనక్కి తిప్పాడు. ప్రతి ఉగాదికీ, ప్రతి దసరాకూ గురునాథం పేరు ఉంది. 1951 దసరాకు లేదు. 1952 ఉగాదికీ లేదు. జ్యేష్ఠంలో మళ్లీ ఉంది, రొమ్ము రెండంగుళాలు తక్కువ.

"ఈ మధ్య యాడికి పోయినాడు?"

"సరుకు కోసం బొంబాయి అన్యాది వాళ్లక్క. ఎనిమిది నెలలు. చిక్కి వచ్చినాడు. ఆడ తిండి సరిపోలేదేమో అనుకున్యా."

"ఈ పుస్తకాలు రెండూ నాకు కావాల."

"తీసుకపో. నా మొగం మాత్రం కోర్టుకు తీసుకపోవద్దు మామా, దసరా బట్టలు మొదలైతాయి."

పదింటి బస్సు జమ్మలమడుగు చేరేసరికి పదకొండయింది. ఆస్పత్రి వరండాలో బాలకృష్ణయ్య, గౌరి బల్ల మీద కూర్చుని ఉన్నారు. గౌరికి ఇరవై రెండేళ్లుంటాయి. ఏడ్చి ఆగిన మొహం కాదు, ఏడుపు దాటిన మొహం. ఆమె అడిగింది ఒక్కటే.

"ఆయన యాడుండాడు?"

"పులివెందులలో."

ఆమెకు అర్థమయింది. లేచి, అతని వెనకే డాక్టరు గదిలోకి వచ్చింది.

డాక్టర్ గ్రేసమ్మ రెండు ఫిలింలు కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంది.

"ఇది ముందు నుంచి తీసింది. ఏం కనబడుతోంది?"

"గుండె."

"ఎట్లుంది?"

"నాకేం తెలుసమ్మా."

"బాగుంది. అదే తిరకాసు. పెరగలేదు, వంకర లేదు. దీన్నొక్కదాన్ని చూసినవాళ్లెవరైనా గుండెకేం లేదనే అంటారు. ఇప్పుడు మనిషిని పక్కకు తిప్పి తీసింది చూడండి."

రెండో ఫిలింలో గుండె అంచు వెంబడి తెల్లని గీత ఉంది. ముందు నుంచి కిందుగా వెనక్కి, విరిగిన గాజు ముక్కలా వంగి ఉంది. వక్కాకు డబ్బా అంచున గట్టిపడిన సున్నం రామాంజులుకు గుర్తొచ్చింది.

"సున్నమే," అంది గ్రేసమ్మ, అతను పైకి అన్నట్టే. "గుండెకు పైన ఒక పలచని పొర ఉంటుంది. ఎప్పుడో దానికి జబ్బు చేసింది. ఏండ్ల తరబడి లోలోపలే రగిలి మందమై, సున్నం పట్టి చిప్పయింది. లోపల గుండె మంచిదే. విచ్చుకోడానికి జాగా లేదు. లోపలికి రావాల్సిన రక్తం రాలేక వెనక్కి తన్నుతోంది. మెడ నరాల్లోకి, కాలేయంలోకి, పొట్టలోకి."

"తాగుడు అన్యారు."

"కాలేయమే మొదట చెడితే మెడ నరం ఇట్ల పొంగదు. మూత్రం జబ్బయితే ప్రొద్దున్నే కండ్ల కింద ఉబ్బాల, మూత్రం పరీక్షలో తేలాల. మామూలు గుండె జబ్బయితే గుండె పెద్దదవుతుంది, కాళ్లు ముందు వాస్తాయి. ఈయనకు పొట్ట ముందు వచ్చింది, కాళ్లింకా వాయలేదు, గుండె చిన్నది. గొట్టం పెట్టి విన్నా. రెండు చప్పుళ్లయినాక మూడోది ఒకటి, గొళ్లెం పడినట్టు టక్కుమంటుంది. అన్నీ ఒక్కచోటికే వస్తాయి. కాని వీటన్నింటికన్నా ముందు ఒక గుర్తుంది. ఊపిరి పీలిస్తే..."

"నరం పొంగుతుంది."

గ్రేసమ్మ ఫిలిం దించింది. "ఎవరు చెప్పినారు?"

"దర్జీ."

ఆమె నవ్వింది. "ఆ దర్జీని నాకు పంపండి, ఉద్యోగమిస్తా."

"ఏదన్నా పెడితే ఇట్ల అయితుందామ్మా? అన్నంలో?"

"సున్నం పట్టడానికి ఏండ్లు కావాల. అన్నంలో పెట్టే వస్తువు ఏదీ గుండె చుట్టూ చిప్ప కట్టదు. ఈ దేశంలో దీనికి మూలం ముక్కాలు మువ్వీసం క్షయ. ఊపిరితిత్తి పైన పాత మచ్చ కూడా ఉంది. ఆయనకు ఎప్పుడైనా క్షయ వచ్చిందా?"

గౌరి తల అడ్డంగా తిప్పింది. "నాకు ఎవరూ చెప్పలేదు."

రామాంజులు చంకలోని పుస్తకాలు సర్దుకున్నాడు. ఎనిమిది నెలలు. బొంబాయి.

"దీనికి దారి ఉందా?" అని అడిగింది గౌరి.

"ఉంది. రాయవేలూరు పెద్దాస్పత్రిలో రొమ్ము తెరిచి ఆ చిప్ప ఒలిచేస్తారు. కష్టమైన పనే. కాని మనిషి లేస్తాడు." గ్రేసమ్మ చీటీ రాయడానికి కలం తీసి ఆగింది. "అంతవరకు ఒంట్లో నీళ్లు ఒక్కసారిగా పోకూడదు. వాంతులు గాని బేదులు గాని అయితే ప్రమాదం. ఆ బిగుసుకున్న గుండెలోకి రక్తాన్ని తోస్తున్నది వెనకున్న ఒత్తిడే. అది పడిపోతే నాడి పడిపోతుంది."

రామాంజులు జేబు గడియారం తీసి చూసి, అడిగాడు.

"కక్కిస్తే?"

గ్రేసమ్మ సగం రాసిన చీటీ పక్కకు తోసి కొత్తది రాసింది. పులివెందుల సర్కారు ఆస్పత్రికి, సెలైను ఎక్కించమని. "పరుగెత్తండి," అంది.

బాలకృష్ణయ్యను ఆస్పత్రిలోనే ఉంచి రామాంజులు, గౌరి ఎక్కిన బస్సు పదకొండూ యాభైకి కదిలింది. ముద్దనూరులో టైరు మార్చడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. గౌరి ఆ ఇరవై అయిదు నిమిషాలూ రోడ్డు మీద నిలబడే ఉంది. పులివెందులలో దిగేసరికి రెండూ నలభై.

తిరుపాలమ్మ ఇల్లు ఊరి చివర, చీనీ చెట్ల తోట పక్కన. ముందు జీపు ఆగి ఉంది. దడి లోపల వాకిట్లో నలుగురు మనుషులు వరసగా గోడకు ఆనుకుని కూర్చున్నారు, కడుపులు పట్టుకుని. చూరు కింద మంచం మీద గురునాథం, చొక్కా లేకుండా. పక్కన రుక్మిణమ్మ విసనకర్రతో ఉంది. ఇద్దరు పెద్దమనుషులకు పీటలు, ఇన్‌స్పెక్టరుకు కుర్చీ. మూడో పీట మీద రాయి కింద ఒక కాగితం.

"వచ్చారా?" అన్నాడు త్రివిక్రమరావు. "నిందితురాలిని కూడా తెచ్చారు. నాకు కొండాపురం దాకా పెట్రోలు మిగిల్చారు."

"మొదటి ముంత ఇచ్చినారా?"

"ఇచ్చి పావుగంటయింది," అంది తిరుపాలమ్మ, చేతిలో రెండో ముంతతో. "ఎవరప్పా నువ్వు? పని చేసేకాడ అడ్డం రావాకు."

రామాంజులు కాళ్ల నుంచి చూడటం మొదలుపెట్టాడు. కక్కడానికి తవ్విన గుంత, అందులో బూడిద. ఆమె కొంగు ముడి ఒకటి బరువుగా వేలాడుతోంది. పొయ్యి పక్కన బోర్లించిన గంప, దాని మీద రాయి. అతను రాయి తీసి గంప ఎత్తాడు. కింద చేటలో పసుపు, జుట్టు కలిపి పిసికిన ముద్దలు ఎండుతున్నాయి. నాలుగు.

వాకిట్లో నలుగురు. మంచం మీద ఒకడు. కొంగు ముడి ఒకటి.

"తిరుపాలమ్మా, ఇవి ఎవరి కడుపులోవి? వాళ్లింకా కక్కనే లేదే?"

గోడ దగ్గర కూర్చున్నవాళ్లలో ఒకాయన మెల్లగా లేచి నిలబడ్డాడు. తిరుపాలమ్మ గంప లాక్కుంది.

"అవి పోయిన వారానివి!"

"పోయిన వారానివి ఇంకా పచ్చిగా ఉండాయా? నీ కొంగులోది విప్పు, అది యా వారానిదో చూద్దాం."

ఆమె కొంగు విప్పలేదు. రామాంజులు ఆ లోపల పీట మీది కాగితం తీశాడు. పంచనామా. అందమైన రాత. 'మూడు గంటల పది నిమిషములకు రోగి నోటి నుండి మందు ముద్ద వెలువడినది.' కింద ఇద్దరు పెద్దమనుషుల సంతకాలు.

జేబు గడియారం తీసి చూశాడు. "సార్, ఇప్పుడు రెండూ యాభై రెండు."

"ముందే రాసి పెట్టుకుంటాం. టైము మిగులుతుంది. నువ్వు డిపార్టుమెంటులో పనిచేయలేదా? నీకు తెలియదా?" మర్యాద జారింది. మొహం ఎర్రబడి మెడ మీద నరాలు తేలాయి. "ముద్దలు నాలుగు దొరికితే కేసు లేదంటావా? రెండేళ్లుగా మనిషి ఉబ్బిపోవడం అబద్ధమా?"

"నిజమే సార్. ఒక్క పని చేయండి. కాలరు గుండీ తీసి, ఈయప్ప పక్కన నిలబడి ఊపిరి పీల్చండి."

"ఏమిటీ?"

"పెద్దమనుషులు చూస్తాండారు. సాక్ష్యమే గదా మీకు కావాల్సింది."

పెద్దమనుషుల్లో ఒకాయన కుతూహలంగా ముందుకు వంగాడు. అది చూసి త్రివిక్రమరావు గుండీ తీశాడు. ఊపిరి నిండా పీల్చాడు. కోపంతో తేలిన నరం మెత్తగా లోపలికి పోయింది. చర్మం చదునయింది.

"గురునాథం, నువ్వు."

గురునాథం పీల్చాడు. దవడ కింద నుంచి భుజం దాకా నరం లేచింది. వేలంత లావయింది. వదిలితే కొంచెం తగ్గింది. మళ్లీ పీల్చాడు. మళ్లీ లేచింది. పెద్దమనిషి "అబ్బో" అన్నాడు.

"గుండె పైపొర సున్నం పట్టి బిగిసింది. జమ్మలమడుగులో ఫిలిం ఉండాది. ఇది దర్జీ పుస్తకం. ఈ నరం, ఈ పొట్ట, పెండ్లికి మూడు రోజుల ముందరే ఉండాయి. ఆ పాప అప్పటికి కొండాపురంలో ఉండాది. ఆడ నుంచి ఈయప్ప అన్నంలో చెయ్యి పెట్టలేదు గదా సార్?"

త్రివిక్రమరావు పుస్తకం తీసుకున్నాడు. తేదీ చూశాడు. పేజీ తిప్పి, మళ్లీ తిప్పి, మళ్లీ చూశాడు. మూర్ఖుడు కాడతను, తొందర మనిషి. రామాంజులు చేతిలోని పంచనామా తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"రుక్మిణమ్మా," అన్నాడు రామాంజులు. "బొంబాయిలో ఎనిమిది నెలలు మీ తమ్ముడు యా ఆస్పత్రిలో ఉన్యాడు?"

విసనకర్ర ఆగింది.

"బొంబాయి సరుకుకు పోయినాడు."

"అట్లయితే బిల్లులు చూపించు."

"నా తమ్ముణ్ని నేను సాకినా! అమ్మ పోయినాక ఈ చేతులతో సాకినా! నువ్వెవడివప్పా అడగడానికి?"

"మదనపల్లె," అన్నాడు గురునాథం.

సన్నటి గొంతు. ఆ రోజు అతను మాట్లాడిన మొదటి మాట అది.

"మదనపల్లె శానిటోరియం. రొమ్ములో నీరు చేరింది. క్షయ అన్యారు. నయమైంది పొమ్మన్యారు. బయటికి తెలిస్తే పిల్లనెవరూ ఇయ్యరని అక్క బొంబాయి అని చెప్పింది. నేనూ సరే అన్యా." అతను గౌరి వైపు చూడలేదు, గుంతలోని బూడిద వైపు చూశాడు. "ఇంజక్షన్ వేసిన డాక్టరు చెప్పినాడు, మళ్లీ ఎప్పుడన్నా వాపు వస్తే రా అని. పెండ్లి చొక్కా బిగుతైనప్పుడే తెలిసింది. ఈమె మందు పెట్టలేదని నాకు తెలుసు. మొదటి నుంచి తెలుసు."

రుక్మిణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అది ఏడుపో, ఇంక మాట రాకుండా ఆపుకోవడమో తెలియలేదు.

గౌరి మంచం దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఆ పొద్దే నాకు చెప్పింటే," అంది, "రెండేండ్ల కిందనే ఆ డాక్టరమ్మ దగ్గరికి నిన్ను పిల్చుకపోయి ఉందును."

మొగుణ్ని ఆమె 'నువ్వు' అనడం అదే మొదలు. అది అతనికి తగిలినట్టుంది, తల ఎత్తాడు. ఏదో చెప్పబోయి కళ్లు పెద్దవి చేసి, మంచం అంచు పట్టుకుని వంగిపోయాడు.

మొదటి ముంత పనిచేసింది.

ఒకసారి కాదు. అయిదుసార్లు, ఆరుసార్లు. ముద్ద లేదు, జుట్టు లేదు, నీళ్లు, నీళ్లు. తిరుపాలమ్మ చేతిలోని రెండో ముంతను రామాంజులు తన్నిన తన్నుకు అది గోడకు తగిలి పగిలింది. గోడ దగ్గరి నలుగురూ అప్పటికే దడి దాటారు.

"జీపు!" అన్నాడు రామాంజులు.

త్రివిక్రమరావు అప్పటికే డ్రైవరును తోసేసి స్టీరింగు ముందు కూర్చున్నాడు. "కాళ్లు పట్టండి, త్వరగా! ఎటు?"

"సర్కారు ఆస్పత్రి. బస్టాండు దాటి ఎడమ."

గౌరిని స్టేషనుకు తీసుకుపోవడానికి తెచ్చిన జీపు అది. వెనక సీటు ఒక చివర ఆమె కోసం తెచ్చిన సంకెళ్లు గుడ్డ సంచిలో ఉన్నాయి. ఆమె వాటిని కిందికి తోసి, మొగుడి తల ఒడిలో పెట్టుకుంది. రామాంజులు అతని మణికట్టు పట్టుకుని, ఎడమ చేత్తో గడియారం తెరిచాడు. మూడూ నాలుగు.

నాడి దారంలా ఉంది. గురునాథం ఊపిరి పీల్చాడు. మెడ నరం లేవలేదు; డాక్టరమ్మ చెప్పిన ఒత్తిడి పడిపోయింది. రెండేళ్లలో అది లేవకపోవడం అదే మొదటిసారి.

అదే సమయంలో వేలి కింద నాడి కూడా ఆగిపోయింది.

ఊపిరి వదిలాడు. నాడి వచ్చింది.

"ఉందా?" అని ముందు నుంచి అరిచాడు ఇన్‌స్పెక్టరు.

గురునాథం మళ్లీ ఊపిరి పీలుస్తున్నాడు. రామాంజులు వేలు నొక్కి పట్టుకుని, ఆ ఊపిరి వదలడం కోసం చూస్తున్నాడు.